కొలాజెన్ జెల్‌లో బతికున్న కణాలను దగ్గరగా చూడటం: డిష్ తయారీ నుంచి 12 గంటల రికార్డింగ్ దాకా

గాజు మీద పరుచుకున్న కణాన్ని ఫోటో తీయడం ఒక ఎత్తు, జెల్ లోపల అన్ని వైపులా పీచులు చుట్టుకుని ఉన్న కణాన్ని తీయడం మరో ఎత్తు. గాజు మీద కణం మందం కొన్ని మైక్రాన్లే. ఏ లెన్స్ పెట్టినా ఏదో ఒక బొమ్మ వస్తుంది. జెల్‌లో మాత్రం కాంతి వంద మైక్రాన్లు లోపలికి వెళ్లి, అదే దారిన వెనక్కి రావాలి. ఆ దారిలో వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) ఎక్కడ మారినా బొమ్మ చెడుతుంది. పైగా లోపలున్నది బతికున్న కణం. మనం వేసే ప్రతి మైక్రోవాట్ లేజర్‌కూ అది ఎంతో కొంత మూల్యం చెల్లిస్తూనే ఉంటుంది.

బొమ్మ రాకపోతే చాలామంది ముందు మైక్రోస్కోప్‌ని తిడతారు. ఎక్కువసార్లు తప్పు డిష్‌లోనే ఉంటుంది. అందుకే ఇక్కడ సగం దాకా మైక్రోస్కోప్ ఆన్ చేయం.

ఉదాహరణకు ఒకే ప్రయోగం తీసుకుందాం. మనిషి చర్మపు ఫైబ్రోబ్లాస్టులను (పీచు కణజాలాన్ని తయారుచేసే కణాలను) 2 మి.గ్రా./మి.లీ. కొలాజెన్ (పీచు ప్రొటీన్) జెల్‌లో పెంచి, కింది నుంచి చూసే కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌తో (లేజర్‌తో ఒక్కో పొరే స్కాన్ చేసేది) 12 గంటలపాటు, పది నిమిషాలకోసారి తీయాలి. కణానికి ఆకారమిచ్చే యాక్టిన్ పోగులు ఆకుపచ్చ జీఎఫ్‌పీతో, కేంద్రకం ఎర్రటి ఎంచెర్రీతో (రెండూ మెరిసే ప్రొటీన్లే) వెలిగే కణాలు ఉన్నాయనుకోండి. చర్మం బదులు మృదులాస్థి అయినా, కణితి ముద్ద అయినా పద్ధతి ఇదే, అంకెలు మారతాయంతే.

ముందు లెన్స్ సంగతి

ల్యాబ్‌లో అందరికీ ముద్దొచ్చేది 60 ఎక్స్, 1.4 ఎన్‌ఏ (ఎంత వెడల్పు కోణం నుంచి కాంతిని పోగేస్తుందో చెప్పే అంకె) ఆయిల్ లెన్స్, అంటే గాజుకూ తనకూ నడుమ నూనె చుక్క పెట్టి వాడేది. ఈ పనికి అది పనికిరాదు. ఆయిల్ వక్రీభవన గుణకం 1.518, మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం), పలుచటి కొలాజెన్ జెల్ రెండూ నీటికి దగ్గరగా 1.34 లోపే. గాజు దాటి పది, పదిహేను మైక్రాన్లు పైకి వెళ్లేసరికి అంచు కిరణాలు ఒకచోట, మధ్య కిరణాలు ఇంకోచోట ఫోకస్ అవుతాయి. కాగితం మీద 1.4 ఎన్‌ఏ ఉన్నా, వంద మైక్రాన్ల లోతున అది ఇచ్చే బొమ్మ మామూలు లెన్స్ బొమ్మకన్నా హీనంగా ఉంటుంది. దాని వర్కింగ్ డిస్టెన్స్ (ఎంత లోతుదాకా ఫోకస్ చేయగలదో ఆ దూరం) కూడా దాదాపు 0.13 మి.మీ. అంతకన్నా లోతుకు దిగాలని చూస్తే లెన్స్ ముక్కు వెళ్లి గాజుకు తగులుతుంది.

కావలసింది నీటి లెన్స్. 40 ఎక్స్, 1.15 ఎన్‌ఏ, 0.6 మి.మీ. వర్కింగ్ డిస్టెన్స్, కరెక్షన్ కాలర్ (గాజు మందానికి తగ్గట్టు తిప్పి సర్దే రింగు) ఉన్నది దొరికితే ఇంకేమీ వెతకొద్దు. 520 నానోమీటర్ల కాంతికి దీని అడ్డు రిజల్యూషన్ (విడివిడిగా చూపగల కనీస దూరం) 0.61 × 520 ÷ 1.15, అంటే సుమారు 275 నానోమీటర్లు. నిలువున మాత్రం దాదాపు ఒక మైక్రాన్. ఈ తేడా ఎప్పుడూ మనసులో ఉండాలి. స్క్రీన్ మీద గుండ్రటి పూసలన్నీ పక్కనుంచి చూస్తే కోడిగుడ్లలా కనిపించడం జబ్బు కాదు, లెన్స్ స్వభావమే.

కణాలు కిక్కిరిసిన కణజాలానికి సిలికాన్ ఆయిల్ లెన్స్ మేలు. దాని గుణకం దాదాపు 1.40, కణాలది 1.36 నుంచి 1.38 మధ్య. పలుచటి జెల్‌కు నీరు, కండపట్టిన కణజాలానికి సిలికాన్ అని గుర్తుంచుకుంటే చాలు.

20 ఎక్స్, 0.8 ఎన్‌ఏ గాలి లెన్స్ తప్ప వేరే లేకపోతే దాంతోనే చేయవచ్చు. అయితే ఒక మోసం ఉంది. లెన్స్ 50 మైక్రాన్లు పైకి జరిగితే జెల్‌లో ఫోకస్ కనీసం 66 మైక్రాన్లు జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం 50 అనే రాసుకుంటుంది. లోతు, ఘనపరిమాణం కొలిచేవాళ్లు నిలువు కొలతను కనీసం 1.33తో గుణించకపోతే ప్రతి కణమూ చదునుగా తేలుతుంది.

గాజు: జెల్ ఊడిపోకుండా

35 మి.మీ. గాజు అడుగు డిష్ తీసుకోండి. గాజు మందం 0.17 మి.మీ. ఉండాలి, అంటే 1.5 నంబరు కవర్‌స్లిప్. 1 నంబరుతో చేసి, తర్వాత కాలర్ తిప్పి సరిచేద్దామనుకోవడం అనవసరపు తంటా. ప్లాస్టిక్ అడుగు డిష్ అసలు వద్దు.

ఫైబ్రోబ్లాస్టులు జెల్‌ను లాగుతాయి. గాజుకు గట్టిగా అతుక్కోకపోతే జెల్ అంచు రాత్రికి రాత్రే లేచి, మధ్యలో పడవలా తేలుతుంది. దాన్ని ఆపడానికి గాజును ఇలా సిద్ధం చేయండి. ఈ పనంతా ఫ్యూమ్ హుడ్‌లో, గ్లవ్స్‌తోనే.

1. 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ గాజు మీద 30 నిమిషాలు ఉంచి, నీటితో మూడుసార్లు కడగండి.
2. 2 శాతం ఏపీటీఈఎస్ (గాజుకు అమైన్ గుంపులు అతికించే రసాయనం) ద్రావణం 15 నిమిషాలు ఉంచండి. తర్వాత ఐదుసార్లు కడగండి. ఇక్కడ బద్ధకిస్తే తర్వాతి అంచెలో మిగిలిన ఏపీటీఈఎస్, గ్లూటరాల్డిహైడ్ కలిసి ఇటుక రంగు మడ్డి కడతాయి. అలాంటి డిష్ పారేయడమే.
3. 0.5 శాతం గ్లూటరాల్డిహైడ్ (ఆ అమైన్లకూ కొలాజెన్‌కూ వంతెన వేసేది) 30 నిమిషాలు.
4. మళ్లీ ఐదుసార్లు కడిగి, రాత్రంతా శుభ్రమైన నీటిలో నాననిచ్చి, ఆరబెట్టి, యూవీ కింద 30 నిమిషాలు పెట్టండి.

ఆఖరి నానబెట్టడాన్ని మాత్రం ఎగ్గొట్టకండి. మిగిలిపోయిన గ్లూటరాల్డిహైడ్ గాజు దగ్గరి కణాలను చంపుతుంది. అంతేకాదు, తనంతట తానే ఆకుపచ్చగా మెరిసి జీఎఫ్‌పీ సిగ్నల్‌ను కప్పేస్తుంది.

జెల్ కలపడం

కొలాజెన్ స్టాక్ 4 మి.గ్రా./మి.లీ., 0.02 నార్మల్ అసిటిక్ యాసిడ్‌లో ఉందనుకుందాం. 1 మి.లీ. జెల్‌కు:

- 10 ఎక్స్ పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పునీరు, పదిరెట్లు చిక్కనిది): 90 మైక్రోలీటర్లు
- చల్లటి స్టెరైల్ నీరు: 298.5 మైక్రోలీటర్లు
- 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్: 11.5 మైక్రోలీటర్లు
- కొలాజెన్: 500 మైక్రోలీటర్లు
- మీడియంలో కణాలు, మి.లీ.కు 20 లక్షల చొప్పున: 100 మైక్రోలీటర్లు

పీబీఎస్ వంద కాకుండా తొంభై ఎందుకంటే, కణాలతో వచ్చే మీడియంలో ఉప్పు ఎలాగూ సరిపడా ఉంటుంది. క్షారం లెక్క కొలాజెన్ ఘనపరిమాణానికి 0.023 రెట్లు. ఇది ఆరంభం మాత్రమే. స్టాక్ లాట్ మారినప్పుడల్లా కణాలు లేకుండా ఒక చిన్న మిశ్రమం చేసి పీహెచ్ స్ట్రిప్‌తో చూడండి. 7.2 నుంచి 7.4 మధ్య ఉండాలి. తక్కువైతే జెల్ జావలా మిగులుతుంది, ఎక్కువైతే కణాలకు దెబ్బ.

వరుస తప్పొద్దు. పీబీఎస్, నీరు, క్షారం ముందు కలపాలి. ఆ తర్వాతే కొలాజెన్. చివర కణాలు. అన్నీ ఐస్ మీదే, పిపెట్ టిప్పులు కూడా ఫ్రిజ్‌లో చల్లబరిచినవే. కొలాజెన్ తేనెలా సాగుతుంది కాబట్టి మామూలు వేగంతో లాగితే టిప్‌లోకి సగమే ఎక్కుతుంది. మెల్లగా లాగి, ఐదు సెకన్లు ఆగి, అప్పుడు టిప్ పైకి తీయండి. కలిపేటప్పుడు పిపెట్‌ను ఆఖరిదాకా నొక్కొద్దు, బుడగలు వస్తాయి. జెల్‌లో ఇరుక్కున్న ఒక్క బుడగ దాని వెనకున్న కణాలన్నిటికీ అడ్డమే.

100 మైక్రోలీటర్లు 14 మి.మీ. గుంటలో పోస్తే మందం సగటున 0.65 మి.మీ. వస్తుంది. అంతకన్నా మందం ఎందుకు? మనం చూసేది అడుగు నుంచి 170 మైక్రాన్ల దాకానే. జెల్ మందమయ్యే కొద్దీ రంగు ఎక్కడం ఆలస్యం, ఆక్సిజన్ అందడం కష్టం.

37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో 45 నిమిషాలు పెట్టండి. మొదటి ఐదు నిమిషాలు మాత్రం దగ్గరుండాలి. డిష్‌ను నిమిషానికోసారి తలకిందులు చేయాలి, లేకపోతే గట్టిపడేలోగా కణాలన్నీ అడుగుకు దిగి గాజు మీద వాలిపోతాయి. తర్వాత జాగ్రత్తగా చూస్తే, గాజులా తేటగా ఉన్న జెల్ గంజి నీళ్లలా పల్చటి తెలుపుకు తిరుగుతుంది. డిష్ వంచినా కదలదు. అప్పుడు 2 మి.లీ. వెచ్చటి మీడియం అంచు వెంట పోయండి, నేరుగా జెల్ మీద పోయొద్దు.

జెల్ కట్టే వేడిని బట్టి పీచు మారుతుంది. గది వేడిలో కడితే పీచులు లావుగా, రంధ్రాలు పెద్దగా వస్తాయి. 37 డిగ్రీల్లో కడితే సన్నటి వల. లావు పీచు అందంగా కనిపిస్తుంది కానీ కాంతిని ఎక్కువ చెదరగొడుతుంది. ఒక ప్రయోగంలోని డిష్‌లన్నీ ఒకే వేడిలో కట్టాలన్నదే ముఖ్యం. మే నెల మధ్యాహ్నం గది వేడి, జనవరి ఉదయం గది వేడి ఒకటి కావు కాబట్టి ప్రొటోకాల్‌లో ‘గది ఉష్ణోగ్రత’ అని రాసి వదిలేయకండి, అంకె రాయండి.

మి.లీ.కు 2 లక్షల కణాలంటే ఒక్కో కణానికి మధ్య సగటు దూరం దాదాపు 170 మైక్రాన్లు. 300 మైక్రాన్ల ఫీల్డ్‌లో, వంద మైక్రాన్ల లోతులో రెండు కణాలు దొరుకుతాయి. తక్కువనిపిస్తే 5 లక్షలకు పెంచండి, కానీ జెల్ ముడుచుకోవడమూ పెరుగుతుంది.

రంగులు వేసేవాళ్లకు

జన్యువుతో వెలిగే కణాలు లేకపోతే రంగులే గతి. ఇక్కడ గాజు మీది ప్రొటోకాల్ సమయాలు నమ్మొద్దు. చిన్న రంగు అణువు నీటిలో విస్తరించే వేగం సెకనుకు సుమారు 400 చదరపు మైక్రాన్లు అనుకుంటే, 0.5 మి.మీ. జెల్ దాటడానికి ఐదు నిమిషాలు, 1 మి.మీ. దాటడానికి 20 నిమిషాలు, 2 మి.మీ.కు గంట ఇరవై నిమిషాలు పైనే. మందం రెట్టింపైతే సమయం నాలుగు రెట్లు. దారిలో పై కణాలు రంగును మింగేస్తుంటాయి కాబట్టి అసలు సమయం ఇంకా ఎక్కువ.

బతికినవి, చచ్చినవి లెక్కపెట్టడానికి కాల్సీన్ ఏఎమ్ (బతికినవి పచ్చగా) 2 మైక్రోమోలార్, ఎథిడియం హోమోడైమర్ (చచ్చినవి ఎర్రగా) 4 మైక్రోమోలార్, 45 నుంచి 60 నిమిషాలు. సీరం లేని ద్రావణంలోనే వేయండి. సీరంలోని ఎస్టరేజులనే ఎంజైములు కాల్సీన్ ఏఎమ్‌ను కణం బయటే కోసేస్తాయి, అప్పుడు జెల్ మొత్తం పచ్చగా వెలుగుతుంది. ఒక డిష్‌ను 70 శాతం మెథనాల్‌లో 30 నిమిషాలు ఉంచి చంపి, అది పూర్తిగా ఎర్రగా వస్తోందో లేదో చూడండి. ఆ డిష్ లేకపోతే ‘లోపల చచ్చిన కణాలు లేవు’ అనాలో, ‘ఎర్ర రంగు లోపలికి చేరలేదు’ అనాలో తెలియదు.

కాల్సీన్ కొన్ని గంటల్లో కారిపోతుంది. రాత్రంతా తీసే రికార్డింగ్‌కు వాడొద్దు. కేంద్రకానికి హెక్స్ట్ రంగు వేసి 405 నానోమీటర్ల లేజర్‌తో పదేపదే తీయడం కన్నా తేలికైన హత్య ఇంకోటి లేదు. మైటోకాండ్రియాకు టీఎంఆర్‌ఎమ్ రంగు 25 నానోమోలార్ చాలు, దాన్ని మీడియంలో అలాగే ఉంచాలి.

మీడియంలో ఫినాల్ రెడ్ ఉండకూడదన్నది అందరికీ తెలిసిందే. రైబోఫ్లేవిన్ (బి2 విటమిన్) సంగతి చాలామంది పట్టించుకోరు. డీఎంఈఎం అనే మామూలు మీడియంలో లీటరుకు 0.4 మి.గ్రా. ఉంటుంది. నీలి కాంతికి అది పచ్చగా మెరుస్తుంది. హెపెస్‌తో (పీహెచ్ నిలిపే బఫర్) కలిసి వెలుతురు తగిలితే హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తుంది కూడా. ఇమేజింగ్ కోసం తయారైన తక్కువ మెరుపు మీడియం వాడండి, కార్బన్ డయాక్సైడ్ సదుపాయం ఉంటే హెపెస్ మానేయండి, డిష్‌లను ట్యూబ్‌లైటు కింద వదలకండి.

స్టేజీ మీద మొదటి రెండు గంటలు

ఇంక్యుబేటర్ చాంబర్ ఆన్ చేసిన వెంటనే రికార్డింగ్ మొదలుపెట్టడం అందరూ చేసే తప్పు. లోహం వేడెక్కుతూ వ్యాకోచిస్తుంది, ఫోకస్ మైక్రాన్ల కొద్దీ జారుతుంది. రెండు గంటలు ముందే ఆన్ చేసి, డిష్ పెట్టాక మరో 30 నుంచి 45 నిమిషాలు ఆగండి.

నీటి లెన్స్ డిష్ అడుగున ముట్టుకుని వేడిని లాగేస్తుంది. చాంబర్ స్క్రీన్ మీద 37 చూపించినా, సరిగ్గా మీరు చూసే చోట ఒకట్రెండు డిగ్రీలు తక్కువ ఉండొచ్చు. నీళ్లు పోసిన ఖాళీ డిష్‌లో సన్నటి థర్మోకపుల్ తీగను లెన్స్ పైన ఆనించి కొలవండి. లెన్స్‌కు హీటర్ కాలర్ ఉంటే దాన్ని ఆ కొలతను బట్టి పెట్టాలి, పుస్తకంలో అంకెను బట్టి కాదు. ఏసీ గాలి నేరుగా మైక్రోస్కోప్ మీదికి కొడుతుంటే అది ఆగి మొదలైనప్పుడల్లా ఫోకస్ ఊగుతుంది. ఒక అట్టముక్క అడ్డం పెట్టినా సగం బాధ తీరుతుంది.

37 డిగ్రీల్లో లెన్స్ మీది నీటి చుక్క గంటల్లో ఆరిపోతుంది. అర్ధరాత్రి నుంచి బొమ్మలన్నీ నల్లగా వచ్చాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. నీటి గుణకానికే సరిపోయే, ఆవిరి కాని ఇమ్మర్షన్ ద్రవం వాడండి, లేదా నీటిని పంపుతో అందించే అమరిక ఉండాలి. చాంబర్‌లో తేమ లేకపోతే మీడియం కూడా చిక్కబడుతుంది. కణాలు ముడుచుకుపోయి, మందువల్ల జరిగిందని మనల్ని నమ్మిస్తాయి.

రాత్రి రికార్డింగ్‌కు కంప్యూటర్, లేజర్ మాత్రమే కాదు, వేడి చేసే చాంబర్ కంట్రోలర్ కూడా యూపీఎస్ మీద ఉందో లేదో చూసుకోండి. పది నిమిషాల పవర్ కట్‌కు కంప్యూటర్ నిలబడినా, చల్లబడి మళ్లీ వేడెక్కే చాంబర్ ఫోకస్‌ను ఎక్కడికో తీసుకుపోతుంది.

కాలర్ తిప్పడం: పూసల పరీక్ష

కరెక్షన్ కాలర్‌ను 0.17 దగ్గర పెట్టి మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ఒక డిష్ జెల్‌లో కణాల బదులు 0.2 మైక్రాన్ల మెరిసే పూసలు పలుచగా కలిపి గట్టిపరచండి. మీరు నిజంగా చూడబోయే లోతుకు, అంటే గాజు మీద నుంచి వంద మైక్రాన్లకు ఫోకస్ తీసుకెళ్లి, ఒక పూసను నిలువు కోతలో స్కాన్ చేయండి.

కాలర్ తప్పుగా ఉంటే పూస తోకచుక్కలా ఉంటుంది. పైనో కిందో తల ప్రకాశంగా, రెండో వైపు మసక తోక. కాలర్‌ను కొంచెం తిప్పండి, ఫోకస్ జరుగుతుంది కాబట్టి మళ్లీ పట్టుకోండి, మళ్లీ కోత తీయండి. తోక పొట్టిదై, మధ్య ప్రకాశం పెరుగుతూ వస్తుంది. ఒక దశ దాటాక తోక అటువైపు మొలుస్తుంది. రెండిటికీ నడుమ, పైనా కిందా ఒకేలా కనిపించే చోట ఆపి, ఆ అంకెను నోట్‌బుక్‌లో రాసుకోండి. లేజర్ పెంచకుండానే సిగ్నల్ పెరగడం ఇక్కడ కళ్లారా కనిపిస్తుంది. వంద మైక్రాన్ల లోతున పూస నిలువు పొడవు రెండు మైక్రాన్లు దాటితే, లెన్స్‌లో గానీ గాజులో గానీ ఇమ్మర్షన్ ద్రవంలో గానీ ఏదో పొరపాటుంది. డిష్ వంకరగా కూర్చున్నా తోక పక్కకు వాలుతుంది.

కాంతి లెక్క

కాన్ఫోకల్‌లో పిన్‌హోల్ (డిటెక్టర్ ముందుండే సన్నటి రంధ్రం) ఫోకస్‌లో లేని కాంతిని డిటెక్టర్‌కు చేరనివ్వదు. కణానికి తగలకుండా మాత్రం ఆపదు. మీరు 60 పొరలు తీస్తే, ప్రతి కణమూ 60 సార్లూ కాంతిలో తడుస్తుంది, తన పొర అందులో పదో వంతే అయినా సరే.

లెక్క వేద్దాం. లెన్స్ నుంచి బయటికి వచ్చే 488 లేజర్ శక్తి 20 మైక్రోవాట్లు. దీన్ని పవర్ మీటర్‌తోనే కొలవాలి. సాఫ్ట్‌వేర్‌లో ‘2 శాతం’ అంటే ఒక్కో మైక్రోస్కోప్‌లో ఒక్కో అర్థం. 1024 × 1024 పిక్సెళ్లు, పిక్సెల్‌కు 1 మైక్రోసెకను, అంటే పొరకు సుమారు 1.05 సెకన్లు. 60 పొరలు, 12 గంటల్లో 72 సార్లు, మొత్తం 4,320 స్కాన్లు.

పిక్సెల్ 0.12 మైక్రాన్లు పెడితే ఫీల్డ్ 123 మైక్రాన్లు. చదరపు సెంటీమీటరుకు మొత్తం దాదాపు 600 జౌళ్లు. పిక్సెల్ 0.3 మైక్రాన్లు పెడితే ఫీల్డ్ 307 మైక్రాన్లు. అదే శక్తి, అదే సమయం, కానీ మొత్తం 96 జౌళ్లే. జూమ్ రెట్టింపైతే మోతాదు నాలుగు రెట్లని గుర్తుంటే ఎవరూ ఊరికే జూమ్ చేయరు.

అందుకే పనిని రెండుగా విడగొట్టండి. కణం ఎటు కదులుతుందో తెలుసుకోవడానికి 0.3 మైక్రాన్ల పిక్సెల్, 2 మైక్రాన్ల అంచెలో 60 పొరలు, గాజు నుంచి 50 మొదలుకుని 170 మైక్రాన్ల దాకా. గాజుకు మరీ దగ్గరి కణాలు గాజు గట్టితనాన్ని పసిగట్టి గాజు మీద కణాల్లాగే ప్రవర్తిస్తాయి, వాటిని లెక్కలో వేయకండి. పొడుచుకొచ్చిన కాళ్ల సన్నటి వివరం కావాలంటే 0.12 మైక్రాన్ల పిక్సెల్, 0.4 మైక్రాన్ల అంచెలో 100 పొరలు, రికార్డింగ్ మొదట్లో ఒకసారి, చివర ఒకసారి. మధ్యలో 70 సార్లు అంత వివరం ఎవరూ చూడరు, కణానికి మాత్రం ఆ దెబ్బ తగులుతూనే ఉంటుంది.

ఎంత కాంతి వరకు ఫర్వాలేదన్నది కణాన్ని బట్టి, రంగును బట్టి ఉంటుంది. మూడు డిష్‌లతో తేల్చుకోండి. ఒకటి చాంబర్‌లో ఉన్నా కాంతి తగలనిది, ఒకటి రంగు లేకుండా కాంతి తగిలింది, ఒకటి రెండూ ఉన్నది. ముందుగా కనిపించే లక్షణాలు ఇవి: మైటోకాండ్రియా దారాలు తుంపులు కావడం, పొరపై బుడిపెలు లేవడం, నడక ఆగడం, విభజన మధ్యలో నిలిచిపోవడం. మెరుపు తగ్గిపోవడం కోసం ఎదురుచూడకండి. రంగు చెక్కుచెదరకుండా ఉండగానే కణం దెబ్బతినొచ్చు. వీలైనచోటల్లా నీలి లేజర్ నుంచి ఎరుపుకు మారండి. పొడవైన తరంగదైర్ఘ్యం తక్కువ చెదురుతుంది, కణం కూడా బాగా తట్టుకుంటుంది.

సమయం కూడా సరిపోవాలి. ఒక రంగు 60 పొరలకు 63 సెకన్లు, రెండు రంగులు వంతులవారీగా తీస్తే 126. పది నిమిషాల్లో నాలుగు చోట్లు పడతాయి, ఐదోది ఆశించొద్దు. నాలుగు చోట్లకు 16 బిట్ డేటా దాదాపు 70 జీబీ. రాత్రి మొదలుపెట్టే ముందు డిస్క్‌లో ఖాళీ చూసుకోండి.

పీచులను రంగు లేకుండా చూడటం

488 లేజర్ తిరిగి ప్రతిఫలించే కాంతిని పట్టుకుంటే కొలాజెన్ పీచులు రంగు లేకుండానే కనిపిస్తాయి. శక్తి చాలా తక్కువ పెట్టాలి, డిటెక్టర్ కిటికీ లేజర్ తరంగదైర్ఘ్యాన్ని కలుపుకోవాలి. చిక్కల్లా ఒకటే. నిలువుగా నిలబడ్డ పీచులు ఈ పద్ధతికి కనిపించవు. దాదాపు 50 డిగ్రీల కన్నా నిటారుగా ఉన్నవి మాయమవుతాయి. కాబట్టి ఈ బొమ్మలు చూసి ‘పీచులన్నీ అడ్డంగానే ఉన్నాయి’ అని తేల్చడం పొరపాటు.

జెల్ వేరైతే

ఆల్జినేట్ జెల్‌ను పీబీఎస్‌తో కడగొద్దు. ఫాస్ఫేట్ కాల్షియంను లాగేసి, చూస్తుండగానే జెల్ కరిగిపోతుంది. 10 మిలీమోలార్ హెపెస్‌లో 2 మిలీమోలార్ కాల్షియం క్లోరైడ్ వేసిన ఉప్పునీటితో కడగండి. జెనిపిన్ అనే రసాయనంతో బిగించిన స్కాఫోల్డ్ (కణాలు పట్టుకుని పెరిగే చట్రం) ఎరుపులో మెరుస్తుంది, అక్కడ ఎంచెర్రీ వాడితే కళ్లు మూసుకున్నట్టే. ఎలక్ట్రోస్పిన్ చేసిన (విద్యుత్ బలంతో సన్నగా సాగదీసిన) పీసీఎల్ ప్లాస్టిక్ పీచులు పాలలా తెల్లగా ఉంటాయి, కొన్ని పదుల మైక్రాన్ల తర్వాత కాన్ఫోకల్ చేతులెత్తేస్తుంది. ఏ స్కాఫోల్డైనా కణాలు లేని ముక్కను అదే సెట్టింగుల్లో ముందు తీసి చూస్తే, సగం తప్పుడు ఆవిష్కరణలు అక్కడే ఆగిపోతాయి.

కిక్కిరిసిన కణజాలంలో కాన్ఫోకల్‌కు 60 నుంచి 80 మైక్రాన్లు హద్దు అనుకోవచ్చు. ఆపైన టూ ఫోటాన్, అంటే రెండు ఫోటాన్లు ఒకేసారి తగిలి రంగును వెలిగించే పద్ధతి. ఈ ఆలోచనకు సిద్ధాంతం 1931లో మరియా గోపెర్ట్ మేయర్ రాస్తే, 1990లో కార్నెల్‌లో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ దాన్ని మైక్రోస్కోప్‌గా చేసి చూపారు. ఫోకస్ బిందువు దగ్గర తప్ప మరెక్కడా రంగు ఉత్తేజం కాదు కాబట్టి పై చెప్పిన కాంతి లెక్క ఇక్కడ చాలా తేలికవుతుంది. జీఎఫ్‌పీకి 920 నానోమీటర్లు, కణజాలం మీద శక్తి 5 నుంచి 20 మిల్లీవాట్ల దగ్గర మొదలుపెట్టండి. కొలాజెన్ పీచులు రంగు లేకుండా సగం తరంగదైర్ఘ్యంలో ఉచితంగా వస్తాయి. మెలనిన్ ఉన్న కణాలుంటే జాగ్రత్త, అవి ఈ కాంతికి కాలిపోతాయి.

చెదరడం తగ్గించడానికి బతికున్న కణాల మీడియంలో దాని గుణకాన్ని పెంచే ఐయోడిక్సనాల్ కలిపే దారి కూడా ఉంది. 60 శాతం ద్రావణం గుణకం దాదాపు 1.43, 20 శాతానికి పలుచన చేస్తే 1.365 దగ్గరకు వస్తుంది. ఆ డిష్‌కు కాంతి తగలని తోడు డిష్ తప్పనిసరి, ఎందుకంటే మీడియం మారిందంటే ప్రయోగమే మారినట్టు.

రికార్డింగ్ అయ్యాక

జెల్ ముడుచుకుంటూ ఫీల్డ్ మొత్తం జరుగుతుంది. కణం నడిచిందా, కింద నేల జరిగిందా? తేల్చడానికి జెల్ కలిపేటప్పుడే 1 మైక్రాన్ పూసలు కొన్ని వేసి ఉంచండి. ఫిజీ సాఫ్ట్‌వేర్‌లో వాటిని ఆధారం చేసుకుని జారుడు సరిచేయవచ్చు. కణాలనే ఆధారం చేసుకుంటే వాటి నడకను మనమే తుడిచేస్తాం. డీకన్వల్యూషన్‌కు (మసకను లెక్కతో తీసేయడానికి) కాలర్ పరీక్షలో తీసిన పూసల బొమ్మే వాడండి, సైద్ధాంతికంగా లెక్కించింది కాదు. పిక్సెళ్లు తెల్లగా నిండిపోయిన చోట ఏ లెక్కా పనిచేయదు, అందుకే తీసేటప్పుడే హిస్టోగ్రామ్ (పిక్సెళ్ల ప్రకాశం గ్రాఫ్) కుడి అంచుకు తగలకుండా చూసుకోవాలి.

చివరి ఫ్రేమ్ అయిన వెంటనే డిష్ తీసేయకండి. అదే డిష్‌లో, తీసిన చోటికి కనీసం రెండు మి.మీ. దూరంలో ఇంతవరకు లేజర్ తగలని చోటికి వెళ్లి, అదే లోతులో ఒక పొరల వరుస తీయండి. జీఎఫ్‌పీ ఉన్న కణాలకు కాల్సీన్ పనికిరాదు, రెండూ పచ్చే. దూరపు ఎరుపులో మెరిసే చావు రంగు ఒక్కటే వేసి రెండు చోట్లా లెక్కపెట్టండి. రికార్డింగ్ చేసిన చోట చచ్చినవి ఎక్కువగా, పొడవాటి కాళ్లున్నవి తక్కువగా ఉంటే ఆ 12 గంటల సినిమా కాంతి దెబ్బ తిన్న కణాలది. లేజర్ శక్తి సగానికి తగ్గించి, విరామం 15 నిమిషాలు చేసి, కొత్త డిష్‌తో మళ్లీ మొదలుపెట్టండి.